వదిలిన చెయ్యి

క్యాంపస్ గోడ దాకా వచ్చి ఆగాక గానీ సూర్యనారాయణకు తన చెయ్యి ఖాళీగా ఉందని తెలియలేదు.

పక్కన అరుంధతి లేదు.

కళ్ళు మండిపోతున్నాయి. ముక్కూ నోరూ ఏకమై కారుతున్నాయి. వెనక యూనివర్సిటీ రోడ్డంతా తెల్లటి పొగ. అందులోంచి "జై తెలంగాణ" కేకలు, పరుగుల చప్పుడు.

బాష్పవాయువు గుండు దగ్గర్లో పేలినప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ చెట్ల కింద నడుస్తున్నారు. దగ్గు తెర కమ్మి తను వంగిపోవడం గుర్తుంది. ఆ తర్వాత పరుగెత్తడం గుర్తుంది. మధ్యలో ఆమె చెయ్యి ఎప్పుడు వదిలాడో మాత్రం ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదన్నది మాత్రం బాగా తెలుసు.

"బందంటున్నారు, ఇవాళ వద్దండీ" అని పొద్దుట్నుంచీ ఆమె అంటూనే ఉంది.

"కండకు బందేమిటే? పద" అన్నాడు.

నిరుడు అరుంధతి బాత్రూములో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముకలు గుల్లబారాయి, కండ కరిగిపోతోంది, మందులొక్కటే చాలవు, ఒళ్ళు కదిలించాలి అన్నాడు డాక్టరు. అప్పట్నుంచీ సూర్యనారాయణ ఆమెను వదల్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమనేవాడు. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడమనేవాడు. పప్పో, పెరుగో, గుడ్డో కొసరి కొసరి తినిపించేవాడు. సాయంత్రాలు తార్నాక నుంచి క్యాంపస్ దాకా చెయ్యి పట్టుకుని నడిపించేవాడు.

"నావల్ల కాదు, మోకాళ్ళు పట్టేస్తున్నాయి" అని ఆమె మొరాయిస్తే తన పిక్కలు చరిచి చూపించేవాడు.

"డెబ్బై ఏళ్ళవాణ్ణి. చూడు, ఇనప గుండ్లు!"

ఆ పిక్కలే ఇప్పుడతన్ని ఇంత దూరం మోసుకొచ్చాయి. అతన్నొక్కణ్ణే.

గోడ అవతలి మాణికేశ్వర్ నగర్ నుంచి శివమ్మ బిందెతో నీళ్ళు తెచ్చి, పొగలోంచి వచ్చినవాళ్ళకు పోస్తోంది. రోజూ నడకలో ఎదురుపడి పలకరించే మనిషి.

"కండ్లు రుద్దకు సారూ, నీళ్ళు కొట్టుకో" అంది. "ఏం ఉరికినవ్ సారూ! పోరగాండ్లకు తక్కువేం లేవు. అమ్మ రాలేదా ఇయ్యాల?"

నిజం చెప్పాలనే నోరు తెరిచాడు.

"లేదు. ఇంట్లోనే ఉంది."

"మంచిగైంది. గా మోకాళ్ళతోని పాపం ఆమె ఏడ ఉరుకుతది?"

దోసిట్లో నీళ్ళు అలాగే జారిపోయాయి. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు.

మళ్ళీ పొగలోకే నడిచాడు. ప్రతి చెట్టు మొదలూ వెతికాడు. పడిపోయిన సైకిళ్ళ మధ్య, మెట్ల మీద, అరుగుల మీద చూశాడు. ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగాలి? నా భార్యను ఎక్కడో వదిలేసి పారిపోయాను, చూశారా అనా? నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని గొడుగులా మరిచిపోయి వచ్చాడు.

చీకటి పడే వేళకు, కనీసం పక్కింటివాళ్ళనైనా తోడు తెచ్చుకుందామని ఇంటిదారి పట్టాడు.

తన ఇంట్లో దీపం వెలుగుతోంది. తలుపుకు లోపల గడియ పెట్టి ఉంది.

చాలాసేపు కొట్టాక అరుంధతి తలుపు తీసింది. జుట్టు రేగిపోయి ఉంది. అతని మొహం చూడకుండానే లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది. చెప్పులు ఎక్కడ పోయాయో, అరికాళ్ళు గీరుకుపోయి నెత్తురు కనిపిస్తోంది. తొక్కిసలాటలో ఎంత నలిగిపోయిందో అనుకున్నాడు.

"ఎవరు తీసుకొచ్చారే?"

"ఎవరూ తీసుకురాలేదు."

ఆ గొంతులో బిగువు అతనికి అర్థమైంది. కోపం కాక మరేముంటుంది? ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"తిట్టు అరుంధతీ. కొట్టు. నీ చెయ్యి వదిలేసి పారిపోయాను. మనిషినే కాను నేను."

ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, మీరు కాదండీ... మీరు దగ్గుతూ వంగిపోయి ఊపిరాడక నన్ను గట్టిగా పట్టుకుంటే, మీ చెయ్యి విదిలించుకుని ముందు పరుగెత్తింది నేనే!"