లొరెట్టా కొనబోయిన తుపాకీ

మొగుడు గడప తొక్కకూడదని కోర్టు లొరెట్టాకి కాగితం ఇచ్చింది. కాగితం తూటాని ఆపుతుందా? అందుకే మిస్సోరీలో ఈ తుపాకుల దుకాణానికి వచ్చింది.

"ఆరొందల డాలర్లున్నాయి. మంచి కార్బైన్ తుపాకీ కావాలి."

"అయితే హంగులు మానేసి డబ్బంతా గొట్టం మీద పెట్టు తల్లీ," అన్నాడు దుకాణం నడిపే ముసలి డెల్బర్ట్. "మంగళవారం ఒకాయనకీ ఇదే చెప్పా. పెళ్లాం వదిలేసిందట, పాపం. ఎడం చేతికి రెండు వేళ్లు లేవు. అయినా తుపాకీ తనే బిగించుకుంటాడట, మగాడు!"

ఆ చెయ్యి లొరెట్టా చెంపలకి పదకొండేళ్లుగా తెలుసు.

"వాడు మా ఆయన! కోర్టు కాగితం ఉండగా వాడికి తుపాకీ అమ్మకూడదు కదా?"

"నేనమ్మింది విడిభాగాలు. వాటికి కాగితాలెవడడుగుతాడు?"

"అయితే వాడు కొన్నవే నాకూ ఇవ్వండి."

డెల్బర్ట్ జాలిగా చూశాడు. "అవి నీ డబ్బుకి అందవు తల్లీ."