నీటి చక్రం ఏడుపు

"ఇది కాదు" అని మళ్లీ రాసి చూపించాడు ముసలాయన.

రగ్దా స్పీకర్లలో మోగుతున్న శబ్దాన్ని ఆపేసింది.

"హాజీ, టీ పెట్టేశారుగా. ఇక వెళ్లండి."

కింద కాఫీ కొట్టు నుంచి టీలు మోసుకొచ్చే షెహాతాకు మాట లేదు. జబ్బు చేస్తే ఆపరేషన్ చేసి గొంతు తీసేశారు. మెడలో తాడుకు వేలాడే చిన్న పుస్తకంలో రాసి చూపిస్తాడు. ఆ కొట్టులో చేరి నెల కూడా కాలేదు.

రగ్దా కైరోలో, దొక్కీ పేటలోని స్టూడియోలో సీరియళ్లకు శబ్దాలు తయారుచేస్తుంది. ఈసారి పని మెడ మీద కత్తిలా ఉంది.

యాభై ఏళ్ల కిందటి రేడియో నాటకం ఒకదాన్ని రంజాన్ నెలలో వేయడానికి టీవీ సీరియల్‌గా తీస్తున్నారు. పొలంలో ఎద్దు తిప్పే చెక్క నీటి చక్రం కిర్రుమని ఏడ్చే ఏడుపుతో ఆ నాటకం మొదలయ్యేది. ఆ ఏడుపు వినబడగానే ఆడవాళ్లు పొయ్యి మీది గిన్నె దించి రేడియో దగ్గరికి చేరేవాళ్లట. టేపు బూజు పట్టి పాడైపోగా మిగిలింది నాలుగు సెకన్లు. దర్శకుడు మమ్దూహ్‌కు అదే ఏడుపు కావాలి. పొడుగ్గా కావాలి, ఎపిసోడ్‌కో తీరున కావాలి.

రగ్దా మొదట ఫయ్యూమ్ వెళ్లి, ఇంకా తిరుగుతున్న చక్రాలను రికార్డు చేసుకొచ్చింది. కలవలేదు.

ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చక్రాన్నే కట్టింది. అందులో ముందే రికార్డు చేసిన శబ్దమేదీ ఉండదు. ఇరుసు ఎంత లావు, చెక్కకు ఎంత తడి, ఎక్కడ ఏది రాసుకుంటోంది అన్నీ చెప్పాలి. అలాంటి వస్తువే ఉంటే ఎలా మోగుతుందో కంప్యూటరు లెక్కగట్టి వినిపిస్తుంది. తుమ్మ చెక్క పెట్టి చూసింది. మల్బరీ పెట్టి చూసింది. ఇరుసుకు నూనె తగ్గించింది.

చక్రం తిరిగింది. ఏడవలేదు.

"గురువారం మధ్యాహ్నం దాకా చూస్తా. తర్వాత పని బేరూత్ స్టూడియో వాళ్లకిచ్చేస్తా" అన్నాడు మమ్దూహ్.

ఈ రోజు బుధవారం.

షెహాతా కదల్లేదు. పుస్తకంలో రాసి ఆమె ముందు పెట్టాడు.

"చెక్క తీసెయ్యి."

"చెక్క తీసేసి ఏం పెట్టమంటారు హాజీ, హల్వానా?"

ముసలాయన చప్పుడు లేకుండా నవ్వాడు. మళ్లీ రాశాడు.

"గొంతు."

పక్క కుర్చీలో ఎడిటింగ్ చేసుకుంటున్న గిర్గిస్ తొంగిచూసి పకపకా నవ్వాడు.

"ఇవాళ గొంతు పెట్టమన్నాడు, రేపు పళ్లు కట్టించమంటాడు. ఆపైన చక్రానికి పెళ్లి సంబంధం కూడా చూడాలి రగ్దా!"

రగ్దాకూ నవ్వాగలేదు. ఈ పని మొదలెట్టిన తొమ్మిది రోజుల్లో అదే మొదటి నవ్వు.

షెహాతా మొహంలో నవ్వు పోయింది. ఏదో రాయబోయి వాళ్లిద్దరినీ చూసి ఆగాడు. గోడవైపు తిరిగి, నిలబడే చాలాసేపు రాశాడు. ఆ కాగితం చింపి గ్లాసు కింద పెట్టి, ఖాళీ ట్రే పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

రగ్దా ఆ కాగితం వైపు చూడనైనా చూడలేదు.

గురువారం పొద్దున బల్ల తుడుస్తుంటే అది చేతికి తగిలింది. అక్షరాలు వణికినా వరసగా ఉన్నాయి.

"నోరు సగం మూయాలి. నాలుక వెనక్కి లాగాలి. ఊపిరి బయటికి వదలకూడదు, లోపలికి పీల్చాలి. పీలుస్తూ మెడ బిగించాలి. చివర్లో తల దించితే నీళ్లు ఒలికినట్టుంటుంది."

ఇక చేసేందుకు మరేమీ మిగల్లేదు. చెక్కలూ ఇరుసులూ చెరిపేసింది. అదే సాఫ్ట్‌వేర్‌లో ఒక గొంతు కట్టింది. ఊపిరిని వెనక్కి తిప్పింది. గొంతులోని స్వర తంతువుల బిగువు కొంచెం కొంచెంగా పెంచింది.

ఏడుపు వచ్చింది.

పాత టేపులోని నాలుగు సెకన్లను పక్కన పెట్టి వినిపించింది. ఏది పాతదో, ఏది కొత్తదో గిర్గిస్ చెప్పలేకపోయాడు.

ఫోన్లో మమ్దూహ్ దాన్ని మూడుసార్లు మళ్లీ మళ్లీ వేయించుకుని విన్నాడు.

"మా అమ్మ బతికుంటే బాగుండేది రగ్దా" అన్నాడు చివరికి.

రగ్దా మెట్లు రెండేసి దూకుతూ కిందికి పరిగెత్తింది.

"హాజీ షెహాతా ఏరి?"

కొట్టు యజమాని జాబిర్ గ్లాసులు కడుగుతున్నాడు.

"వెళ్లిపోయాడమ్మా. పొద్దున్నే వాళ్ల ఊరికి, మిన్యా రైలెక్కించి వచ్చా. ఇక్కడ ఆసుపత్రిలో చూపించుకుందామని వచ్చాడు పాపం. ఊరికే కూర్చోలేనని నాకు టీలు మోసిపెట్టాడు. జబ్బు మళ్లీ పాకింది, ఇక మందు లేదన్నారు డాక్టర్లు."

రగ్దా జేబులోంచి ఫోన్ తీసింది.

"ఫోన్ నంబరుందా?"

"మాట లేని మనిషికి ఫోనెందుకు తల్లీ?"

"ఆయన మాట విననైనా వినకుండా నవ్వాను బాబాయ్. పేరు టైటిల్స్‌లో వేయించాలి. అసలు ఇదంతా ఆయనకెలా తెలుసు? ఏ స్టూడియోలో పనిచేశారు?"

జాబిర్ కుళాయి కట్టేశాడు.

"స్టూడియో ఎక్కడిది! కుర్రతనంలో రేడియో భవనం గేటు దగ్గర కాపలా ఉండేవాడు. నాటకం వాళ్లు మోసుకొచ్చిన చక్రం మైకు ముందు ఎంతకీ అరవలేదట. తన ఊళ్లో చక్రం ఇలా ఏడుస్తుందని ఈయన లోపలికెళ్లి నోటితో చేసి చూపిస్తే, దాన్నే రికార్డు చేసేశారట."

తడి చేతులు తుడుచుకుంటూ ఆమె మొహంలోకి చూశాడు.

"ఆపరేషన్లో కోసి పారేసింది ఆ గొంతునే తల్లీ."