అభన్‌పూర్ పొగబండి

ఆదివారం పెళ్లిచూపులు. శుక్రవారం సాయంత్రమైనా హేమంత్ ఇంజను పొగ వదలడం లేదు.

ఇంజనంటే కంప్యూటర్‌లో ఇంజను. రైళ్లు నడుపుకునే ఆట ఒకటుంది. అందులో పట్టాలు, స్టేషన్లు, చెట్లూ చేమలూ మనమే పేర్చుకోవచ్చు. నెల రోజులుగా హేమంత్ రాయ్‌పూర్ నుంచి అభన్‌పూర్ దాకా పాతకాలపు చిన్న లైను వేస్తున్నాడు. ఆఫీసు నుంచి రావడం, ఇంత టీ తాగడం, పట్టాలు వెయ్యడం. సరదాకి కాదు మరి. పెళ్లంతా దాని మీదే ఆధారపడి ఉంది.

హేమంత్‌దీ మాలతిదీ శంకర్ నగర్‌లో ఒకే ఆఫీసు. ఇద్దరూ క్యాంటీన్‌లో కూర్చుని ఈ పెళ్లి సంగతి ఎప్పుడో తేల్చేసుకున్నారు. హేమంత్ తండ్రి పరదేశి నాలుగు రోజులు బిగుసుకుని, ఆఖరికి సరేనన్నాడు. మాలతికి తండ్రి లేడు. చిక్కంతా తల్లి సూరమ్మతోనే. ఆవిడ అవుననదు, కాదనదు. కూతురు మరీ ప్రాణం తీస్తుంటే, చిన్నప్పుడు తను బడికెళ్లిన పొగబండి ఒక్కసారి చూపిస్తే అప్పుడు చెబుతానంది. పొగ ఇంజన్లు పోయి ఎన్నేళ్లో అయింది. ఇప్పుడా పట్టాలు కూడా పీకేశారు. అంటే మర్యాదగా తప్పించుకుందన్నమాట. హేమంత్ మాత్రం ఆ మాటనే పట్టుకు కూర్చున్నాడు. తల్లి పోయాక రైల్వే వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ ఇంట్లో తండ్రీకొడుకులిద్దరే. ఈ పెళ్లి జరిగితే ఇల్లు మళ్లీ కళకళలాడుతుందని అతని ఆశ.

పరదేశి కుర్రతనంలో ఆ లైను మీదే ఇంజనులో బొగ్గు వేశాడు. కొడుకు వెనకే కుర్చీ వేసుకుని వంకలు పెట్టేవాడు.

"ఏటిరా, బోగీ అంత వెడల్పేటి? మనది ఛోటీ లైను. కూకుంటే ఎదుటోడి మోకాళ్లు తగలాల."

హేమంత్ బోగీని ఇరుకు చేశాడు. మధ్యలో మాలతి ఫోను మీద ఫోను. అమ్మ కొత్త చీర బయటికి తీసిందని ఒకసారి, మళ్లీ బీరువాలో పెట్టేసిందని ఇంకోసారి. హేమంత్‌కి అన్నం సయిస్తే ఒట్టు.

శనివారం పొద్దున్న పొగ వచ్చింది. నల్లగా, దట్టంగా, సుళ్లు తిరుగుతూ వచ్చింది. తండ్రీకొడుకులు వంటింట్లో చిందులేశారు.

ఆదివారం పరదేశి మీసానికి రంగు వేసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, కొడుకు కన్నా ముందే తయారయ్యాడు. తీరా మాలతి వాళ్లిల్లు చేరాక వరండాలోనే కూర్చుంటానని మొరాయించాడు.

లోపల హేమంత్ ల్యాప్‌టాప్ టీవీకి తగిలించాడు. సూరమ్మ కొత్త చీరలోనే ఉంది. మాలతి లడ్డూల పళ్లెం పట్టుకుని నిలబడింది కానీ ఎవరికైనా పెట్టాలని తోచలేదు. బండి కూత వేసి కదిలింది. పొలాలు, తుమ్మచెట్లు, మట్టి గోడల ఇళ్లు వెనక్కి జరిగాయి. సూరమ్మ కుర్చీలో ముందుకు వంగింది. హేమంత్‌కి గాల్లో తేలినట్టుంది.

అభన్‌పూర్ ఇక వచ్చేస్తుందనగా బండి మూలిగి ఆగిపోయింది.

ఇంజనులో నీళ్లయిపోయాయి. పొగ హడావుడిలో పడి దారిలో నీళ్లు పట్టే చోటు పెట్టడం మరిచిపోయారు. హేమంత్ మీటలన్నీ నొక్కాడు. బండి కదిలితేగా. అయిపోయింది, సంబంధం పోయిందనుకున్నాడు. మాలతి ముఖం పాలిపోయింది.

సూరమ్మ నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ బండి ఎప్పుడూ ఇంతేనట. నీళ్లయిపోయి ఆగితే పిల్లలంతా దిగి రేగుపళ్లు ఏరుకునేవారట. బండి కదిలినా తను చివరి క్షణందాకా ఎక్కేది కాదట.

కొంగుతో కళ్లు తుడుచుకుని కూతురి వైపు తిరిగింది.

"పక్కా అదే బండే. నాకిష్టమేనని చెప్పీయే," అంది.

మాలతి పళ్లెం హేమంత్ చేతిలో పెట్టేసి తల్లిని వాటేసుకుంది. హేమంత్ పళ్లెంతో సహా వరండాలోకి పరిగెత్తి, తండ్రి నోట్లో లడ్డూ కుక్కి, "నాన్నా, సూరమ్మగారు నిన్ను చేసుకుంటారట," అన్నాడు.