పోస్టు లేదు

“లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. తెర మీద బొమ్మే రావట్లేదు!” ఆదివారం పొద్దుటినుంచీ కూర్చుని తానే బిగించిన కొత్త కంప్యూటర్ ముందు, స్పీకర్ ఆన్ చేసిన ఫోన్లో షాపతనికి మొరపెట్టుకుంటున్నాడు భర్త.

“ర్యామ్ తీసి మళ్లీ పెట్టారా?”

“ముమ్మార్లు!”

“అయితే పోస్ట్ లేదు సార్. ఆన్ చేయగానే తనని తాను పరీక్షించుకోవాలి. దాన్నే పోస్ట్ అంటాం.”

టార్చి పట్టుకుని నిలబడ్డ భార్యకు నవ్వు ఆగలేదు. “పోస్టు లేనిది దానికా, మీకా?”

అతని చేతిలోని స్క్రూడ్రైవర్ జారి పడింది. “ఉద్యోగం పోయిందని నీకెవరు చెప్పారు?”

టార్చి వెలుగు అతని మొహం మీదే ఆగిపోయింది.

“మరి రోజూ క్యారేజీ పట్టుకెళ్తున్నారుగా?”

“పార్కులో తింటున్నాను. ఇంట్లోనే ఏదో పని చేసుకుందామని దీన్ని...”

“అందుకేనా, ఈమధ్య నా కూరలన్నీ తెగ మెచ్చుకుంటున్నారు!” అంది. ఈసారి నవ్వు రాలేదు.

“ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్,” అన్నాడు ఫోన్లో షాపతను.

అతను కదల్లేదు. ఆమే స్విచ్చి కట్టేసి మళ్లీ వేసింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రోజూ పొద్దున్నే బయల్దేరే భర్తలాగే, లైట్లన్నీ వెలిగాయి, ఫ్యాన్లన్నీ జోరుగా తిరిగాయి.

బొమ్మ మాత్రం రాలేదు.