గుర్రం పేరు

"ముందు మన నాన్న గుర్రం పేరు చెప్పు," అంది వీకా, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చేమదుంపలు చెక్కు తీస్తూ.

"ఇప్పుడు గుర్రం గొడవేంటక్కా? నాన్న నీ గొంతు వినాలంటున్నాడు. ఫోను ఆయన చెవి దగ్గర పెడతా, మాట్లాడు."

గొంతు అచ్చం తమ్ముడు మనాసేదే. నంబరు మాత్రం కొత్తది. పోయినేడాది ఎవడో ఇదే గొంతుతో ఏడ్చి, సిడ్నీలో ఆమె కూడబెట్టుకున్నదంతా ఊడ్చుకుపోయాడు. ఆ తర్వాతే టోంగాలో ఉన్న తమ్ముడితో ఈ ఆనవాలు అనుకుంది. గుర్రం పేరు చెప్పనివాడు తమ్ముడు కాదు.

"ఆ ఏడుపేదో ఇంకొకరి దగ్గర ఏడువు నాయనా," అని ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం లోసేలి పిన్ని వచ్చింది. నల్లబట్టల మీద నడుముకు చిన్న చాప చుట్టుకుంది. చంకలో ఇంకో చాప ఉంది, చిరుగులు పడ్డది, చాలా పెద్దది.

టోంగాలో చావుకి నడుముకు కట్టుకునే చాప ఎంత పెద్దదైతే పోయినవాళ్ళు అంత దగ్గరవాళ్ళు. అది వీకాకు ఒకరు చెప్పక్కర్లేదు.

"అది ఎవరికి పిన్నీ?"

"మనాసే ఫోన్‌లో చార్జింగ్ లేక పొద్దున నర్సు ఫోన్‌తో చేశాడట. నువ్వు మాట్లాడలేదటగా. చుట్టుకో తల్లీ."

వీకా తమ్ముడి నంబరు నొక్కింది.

"మాహినా," అన్నాడు మనాసే. "గుర్రం పేరు మాహినా. ఇప్పుడు మాట్లాడతావా అక్కా?"