ప్లగ్గు తీసేశాక

పిల్లల వార్డు నర్సులకు శిక్షణనిచ్చే గదిలో ఆ రాత్రి ఇద్దరే మిగిలారు. పసిబిడ్డంత రబ్బరు బొమ్మ ఛాతీని ఒక నర్సు రెండు బొటనవేళ్ళతో లయ తప్పకుండా నొక్కుతోంది. మొన్న వార్డులో ఒక బిడ్డకు ఇలాగే నొక్కుతుంటే, డాక్టరు "ఇక ఆపమ్మా" అన్నాడు. ఆమె ఆపింది. బిడ్డ దక్కలేదు. అప్పటినుంచి డ్యూటీ దిగగానే ఇక్కడికే వస్తోంది.

"ఇక ఆపమ్మా," అన్నాడు బొమ్మల్ని నడిపే టెక్నీషియను, వైరు చేతికి చుట్టుకుంటూ. "ప్లగ్గు పీకేశా. నువ్విలా నొక్కితే ఆ బొమ్మే లేచి మనమీద కేసు పెడుతుంది."

నవ్వుతూ చేతులు తీయబోయింది. మానిటర్ నల్లగా ఉంది. బొమ్మ గుండెను కొట్టించే మోటారు చప్పుడు ఎప్పుడో ఆగింది. కానీ వేళ్ళ కింద గుండె కొట్టుకుంటోంది.

కాస్త సడలిస్తే అది తడబడింది. నొక్కితే మళ్ళీ అందుకుంది. రబ్బరు మెల్లగా వెచ్చబడుతోంది.

"ఏంటమ్మా, ఇంటికెళ్ళవా? మీ అమ్మ కాచుకుని ఉంటుంది."

"మీరు వెళ్ళండన్నా," అంది తల ఎత్తకుండా. "ఈసారి నేను ఆపను."

అతను తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

చేతులు అప్పుడే లాగుతున్నాయి. తెల్లవారడానికి ఇంకా చాలాసేపుంది.