రెండో పేరు

తెల్లారితే టెక్కలి కాలేజీలో తనూజ సెమినారు. కంప్యూటరు నడపడానికి డబ్బిచ్చి కొనే విండోస్ మేలా, అందరికీ తెరిచి ఉంచిన లినక్స్ మేలా అన్నది విషయం. "లినక్స్ గురించి నీకేటి తెలుసు? స్టేజీ మీద నవ్వులపాలైపోతావు సూడు" అని తోటి విద్యార్థి క్రాంతికుమార్ క్లాసందరి ముందూ అన్నాడు. ఆ పంతంతోనే పత్రికతో పాటు వచ్చిన సీడీ పెట్టి, ఇంట్లో పాత కంప్యూటర్లోకి లినక్స్ ఎక్కించి, స్లైడ్లన్నీ అందులోనే తయారు చేసుకుంది.

కవిటిలో వాళ్ల ఇంటి బయట కొబ్బరితోటల్లో ఆకు కదలడం లేదు. ఒకే మిషను మీద ఎందరైనా పనిచేయవచ్చని చివరి స్లైడులో రాసి, ఇప్పుడెవరున్నారో చూపించే కమాండు కొట్టింది. రెండు పేర్లు వచ్చాయి. ఒకటి తనది. రెండోది సూరమ్మ. ఇంట్లో ఆ పేరుగలవాళ్లు లేరు. బయటినుంచి ఎవరైనా ఇంటర్నెట్లో వచ్చారనుకోడానికి కంప్యూటరుకు ఫోను తీగ కూడా తగిలించలేదు.

తనూజ ఆ పేరును తీసేసింది. వెంటనే తెర మీద ఒక మాట పడింది.

"నువ్వే లెగు."

స్లైడ్లలో చివరినుంచి ఒక్కో అక్షరమే చెరిగిపోసాగింది. తనూజ కీబోర్డు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

పక్కగదిలోంచి తల్లి కసిరింది. "ఆ టకటకలు ఆపవేటే! మీ నాన్న లెగిసిపోతాడు."

తనూజ చేతులు ఇంకా ఒళ్లోనే ఉన్నాయి. కీబోర్డు మీద మీటలు ఒకదాని తర్వాత ఒకటి కిందికి దిగుతూనే ఉన్నాయి.